సగటు 812, విచలనం 390 వస్తే తోక కోసేయాలా?

నల్గొండలో డిగ్రీ పిల్లలకు తెలుగు పదాలు, పదాల్లా కనిపించే ఉత్తుత్తి మాటలు చూపించి ‘పదమా, కాదా’ అని మీట నొక్కించారు. నొక్కడానికి పట్టిన సమయం సగటు 812 మిల్లీసెకన్లు, ప్రామాణిక విచలనం (సగటు చుట్టూ సమయాలు ఎంత చెదిరాయో చెప్పే కొలత) 390. సగటుకు రెండు విచలనాలు దాటినవన్నీ తీసేయొచ్చా అని మీ ప్రశ్న.

వద్దు. చేయి ఎంత త్వరపడినా ఒక హద్దుకు ముందు కదలదు, ఆలస్యానికి మాత్రం హద్దుండదు. అందుకే కుడివైపు తోక సాగుతుంది. విచలనాన్ని పెంచేది ఆ తోకే. దాన్నే కొలబద్ద చేసుకుంటే కోత ఒక్కొక్కరికి ఒక్కో తీరుగా పడుతుంది. 200లోపువి చదవకుండా నొక్కినవి, తీసేయండి. పైహద్దు, 3000 అనుకోండి, డేటా తెరవకముందే రాసిపెట్టుకోండి.

తర్వాత సరైన జవాబుల సమయాలకు మాత్రమే ఎక్స్-గాసియన్ (గంట ఆకారపు వక్రరేఖకు కుడివైపు తోక కలిపిన నమూనా) అమర్చండి. దానికి మూడు అంకెలు: మ్యూ, సిగ్మా మొండెం సంగతి చెబుతాయి, టౌ తోక సంగతి. సగటు అంటే మ్యూ, టౌల మొత్తం. ఒక రకం పదాలకు మ్యూ 500, టౌ 150. ఇంకో రకానికి 580, 70 అనుకోండి. రెండింటి సగటూ 650యే! సగటు మాత్రమే చూస్తే తేడా లేదంటారు, నిజానికి రెండూ వేరువేరు కథలు. అమరిక మొదలుపెట్టడానికి తొలి అంచనాగా టౌను విచలనంలో 0.8 వంతు తీసుకోండి: మీ అంకెలకు టౌ 312, మ్యూ 500, సిగ్మా 234. ఇది లెక్క చూపడానికే. అందరినీ ఒకే కుప్పపోసి అమర్చితే మనుషుల మధ్య తేడా కూడా తోకలో కలిసిపోతుంది, కాబట్టి ఎవరిది వారికే చేయండి. ఒక్కో రకానికి 40 జవాబులే ఉంటే టౌ నిలకడగా రాదు. 100 దాకా తెచ్చుకోండి.

ఇదంతా లేకుండా సమయాలకు లాగ్ (సంవర్గమానం) తీస్తే సరిపోతుందని కొందరంటారు. 500లో చదివేవారికీ, 1000లో చదివేవారికీ అదే 100 ఆలస్యమైతే, లాగ్‌లో అవి 20 శాతం, 10 శాతం తేడాలవుతాయి. లేని పరస్పర ప్రభావం, అంటే ఆలస్యం ఒకరి మీద ఎక్కువ, ఇంకొకరి మీద తక్కువ పనిచేసినట్టు, పుట్టుకొస్తుంది.

పిల్లల సొంత ఫోన్లు వాడకండి. తెర, స్పర్శ ఆలస్యం ఫోన్‌కో రకం. స్థిరమైన ఆలస్యం మ్యూలో, మారేది సిగ్మాలో చేరుతుంది. 60 హెర్ట్జ్ (సెకనుకు 60 సార్లు బొమ్మ మారే) తెర మీద ఒక్క ఫ్రేమే 16.7 మిల్లీసెకన్లు.

పదాల ఎంపిక మీద ఇంకాస్త శ్రద్ధ పెట్టండి. ‘కైకిలి’ (కూలి పని) మన పల్లెల్లో రోజూ వినే మాట. పత్రికల నుంచి తీసిన జాబితా దాన్ని అరుదైనదిగా చూపిస్తే, అరుదైన పదాలకూ పిల్లలు చకచకా నొక్కారన్న తప్పుడు ఫలితం వస్తుంది. అవే ఊళ్ల నుంచి వచ్చి, ప్రయోగంలో లేని పిల్లలతో ప్రతి పదానికీ ఎంత పరిచయమో 1 నుంచి 7 దాకా మార్కులు ముందే వేయించుకోండి.