అమెరికా వెళ్ళే మన వరంగల్ పిల్లలకు: తినే సోడా డబ్బా ముచ్చట

ఎండాకాలం సెలవులకు హనుమకొండ వచ్చానంటే చాలు, ఆగస్టు సెమిస్టరుకు బయల్దేరే పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు సామాను చిట్టా పట్టుకుని వస్తారు. అందులో తినే సోడా (బేకింగ్ సోడా) పొట్లం కనిపిస్తే నేను కొట్టేయిస్తాను. 23 కిలోల పెట్టెలో దానికి చోటెందుకమ్మా? అక్కడ ఏ దుకాణంలోనైనా ఆర్మ్ అండ్ హామర్ వాళ్ళ పసుపు-నారింజ రంగు డబ్బా, పౌను తూకంది (454 గ్రాములు), డాలరు పైచిలుకుకే వస్తుంది. పేరూ ఊరూ లేని తెల్లపొడి ఏమిటని కస్టమ్స్ వాళ్ళు అడిగితే సంజాయిషీ చెప్పుకోవడం వేరే తలనొప్పి. ఆ జాగాలో ఇంకో అరకిలో చపాటా మిరపపొడి పెట్టండి.

కొనేటప్పుడు మాత్రం చూసుకోవాలి. అదే కంపెనీది వాషింగ్ సోడా కూడా ఇంచుమించు అదే రంగు డబ్బాలోనే ఉంటుంది, బట్టల సబ్బుల వరసలో. అది మన బట్టల సోడా, వంటకు పనికిరాదు. బేకింగ్ పౌడరు మూడో రకం. అందులో సోడాతోపాటు పులుపు పొడి, మొక్కజొన్న పిండి కలిపి ఉంటాయి. కేకులకు తప్ప గిన్నెలు తోమడానికి కాదు.

ఇక అసలు పని. కొత్త కాపురంలో ఎవరో ఒకరు సర్వపిండి మాడబెట్టక మానరు. కరెంటు పొయ్యి ఆపినా వేడి వెంటనే దిగదు, శనగపప్పు పలుకులతో సహా పిండి అడుక్కు కరుచుకుంటుంది. గిన్నెలో రెండు వేళ్ళ ఎత్తున నీళ్ళు పోసి, రెండు చెంచాల సోడా వేసి పది నిమిషాలు మరిగించండి. చల్లారాక చెక్క గరిటెతో నెడితే పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. ఇది స్టీలు గిన్నెలకే. అమ్మ కట్టించిన సిల్వర్ గిన్నెలో ఈ వైద్యం చేస్తే అది నల్లబడి కూర్చుంటుంది, అల్యూమినియానికి సోడా పడదు. పొయ్యి మీది పొగగూటి జాలీ కూడా చాలా ఇళ్ళలో అల్యూమినియందే. దాన్ని వేడినీళ్ళలో గిన్నెల సబ్బు వేసి నానబెట్టండి చాలు.

పసుపు మరక మీద సోడా రుద్దొద్దు, మరక ఎర్రగా తిరుగుతుంది. హారతి పళ్ళెంలో పసుపునీళ్ళకు సున్నం కలిపితే ఎర్రనీళ్ళు అవుతాయి కదా, అదే లెక్క. నిమ్మరసం తగిలితే మళ్ళీ పచ్చబడుతుంది గానీ పోదు. సబ్బుతో తుడిచి ఎండ తగలనివ్వండి, పసుపు ఎండకే వెలిసిపోతుంది. టీ కప్పుల మరకలకైతే సోడాను మించింది లేదు.

వీడియోల్లో సోడాలో వెనిగర్ పోసి బుసబుస పొంగించి సింకు బాగైందంటారు. అది చూడ్డానికే సంబరం. పులుపూ క్షారమూ ఒకదాన్నొకటి చంపుకున్నాక మిగిలేది దాదాపు ఉప్పునీళ్ళే. నూనె గడ్డకట్టిన పైపును అవి కదిలించలేవు. మిరపకాయ బజ్జీల నూనె సింకులో పొయ్యకుండా చల్లారాక ఖాళీ డబ్బాలో పోసి చెత్తలో వెయ్యండి. ప్లంబరు ఖర్చు తప్పుతుంది. ఫ్రిజ్‌లో మూత తెరిచిన డబ్బా పెట్టడం వల్ల నాకు పెద్ద గుణమేమీ కనబడలేదు, ఆవకాయ సీసా మూత బిగించడమే మేలు.

ఇల్లు ఖాళీ చేసేటప్పుడు కార్పెట్ వాసన పేరు చెప్పి డిపాజిట్‌లో కోత పెట్టేవాళ్ళు ఉంటారు. ముందు రోజు రాత్రి పొడి కార్పెట్ మీద సోడా పలుచగా చల్లి, పొద్దున వ్యాక్యూమ్ చెయ్యండి. కుప్పలుగా పోస్తే మెత్తని పొడి మెషిన్ ఫిల్టర్‌ను పట్టేస్తుంది.

ఆపిల్స్ కడగడానికీ ఇది పనికొస్తుంది. 2017లో మసాచుసెట్స్ యూనివర్సిటీ వాళ్ళు పరీక్షించి చూస్తే, సోడా నీళ్ళలో 12 నుంచి 15 నిమిషాలు నానబెట్టిన ఆపిల్స్ తొక్క మీద వాళ్ళు పూసిన రెండు రకాల మందులు పోయాయి. తొక్కలోకి ఇంకిపోయింది మాత్రం రాలేదు. రెండు కప్పుల నీళ్ళకు ఒక చెంచా సరిపోతుంది.

ఇంకొక్క సంగతి, ఇది డబ్బు లెక్క కాదు. సంక్రాంతికి నలుగురు రూమ్మేట్లు కలిసి సకినాలు కాలుస్తారు, మాటల్లో పడి మూకుడు మీద చూపు పోతుంది. నూనె అంటుకుంటే నీళ్ళు పొయ్యొద్దు, మూకుడు ఎత్తుకుని పరుగెత్తొద్దు. పొయ్యి ఆపి, పక్కనుంచి మూత జరపండి. మంట చిన్నదైతే సోడా గుప్పిళ్ళతో చల్లండి. వేడికి అందులోంచి వచ్చే బొగ్గుపులుసు వాయువు మంటకు గాలి అందనివ్వదు. తొందరలో బేకింగ్ పౌడరో మైదానో విసిరితే మంట ఇంకా లేస్తుంది. పెద్దదైతే అన్నీ వదిలి బయటికి పోయి 911కి ఫోన్ చెయ్యండి. సోడా డబ్బాను పొయ్యి వెనక గట్టు మీద పెట్టకండి, మంట మీదుగా చెయ్యి చాపాల్సి వస్తుంది. పక్క గూట్లో, పొట్టివాళ్ళకు కూడా అందే ఎత్తులో పెట్టుకోండి.