అమెరికా అంతర్యుద్ధంలో ఓడలన్నీ ఫిరంగి దెబ్బలకే మునిగాయా?

లేదు. ఫిరంగులను తట్టుకోవడానికి ఇనుప రేకులు తొడిగిన ఓడలు కూడా వేరే కారణాలతో మునిగాయి.

నాకు బాగా ఆసక్తిగా అనిపించేది 'కైరో' కథ. ఉత్తరాది పక్షానికి చెందిన ఈ ఆవిరి యుద్ధనౌక 1862 డిసెంబర్ 12న మిసిసిపీ రాష్ట్రంలోని యాజూ నదిలో మందుపాతర పేలి మునిగింది. అప్పట్లో వాటినే టార్పెడోలు అనేవారు. ఇప్పటి టార్పెడోల్లా అవి దూసుకురావు, నీళ్లలో పెట్టినచోటే కాచుకుని ఉంటాయి. కవచమేమో నీటికి పైన, దెబ్బ తగిలిందేమో కింద ఉన్న చెక్కకు! సుమారు 12 నిమిషాల్లో ఓడ అడుగుకు చేరింది. అయినా ఒక్కరూ చనిపోలేదు. బురద కప్పేయడంతో లోపలి సామాన్లు చాలావరకు పాడవకుండా మిగిలాయి. 1964లో బయటికి తీశారు, ఇప్పుడు అదే రాష్ట్రంలోని విక్స్‌బర్గ్‌లో చూడొచ్చు.

సముద్రంలో అయితే తుఫాన్ల గోల. ఉత్తరాది పక్షానికే చెందిన, పేరుమోసిన ఇనుప కవచపు నౌక 'మానిటర్' 1862 డిసెంబర్ 31న నార్త్ కరోలినా తీరంలోని కేప్ హాటెరస్ దగ్గర తుఫానులో మునిగి 16 మంది పోయారు. ఆ ఏడాది మార్చిలో దానితో తలపడిన దక్షిణాది నౌక 'వర్జీనియా' అప్పటికే లేదు. శత్రువు చేతికి చిక్కకూడదని మే నెలలో సొంతవాళ్లే దాన్ని తగలబెట్టేశారు.