అమెరికన్ హైస్కూల్ సినిమాల్లో పిల్లలు అంత పెద్దవాళ్లలా ఎందుకు కనిపిస్తారు?

ఆ పాత్రలు వేసేది చాలావరకు ఇరవై దాటిన నటులు కాబట్టి. ఆఖరి క్లాసు పాత్రల వయసు మాత్రం 17, 18, అంటే విజయవాడలో ఇంటర్ సెకండియర్ చదివే మనవాళ్ల ఈడే.

అసలు కారణం పని గంటలు. కాలిఫోర్నియాలో 16, 17 ఏళ్ల నటులు బడి ఉన్న రోజుల్లో 6 గంటలకు మించి పనిచేయకూడదు, పైగా సెట్లోనే 3 గంటలు చదువు చెప్పించాలి. 18 నిండితే ఈ గొడవే లేదు. రోజువారీ ఖర్చు నెత్తిమీద ఉన్న నిర్మాత ఎవరిని తీసుకుంటాడో చెప్పక్కర్లేదు.

2015లో వచ్చిన ‘ద డఫ్’ చూడండి. స్నేహితురాళ్ల పక్కన తను తీసికట్టని కుమిలిపోయి, చివరికి తన తీరు తనకే నచ్చే బియాంకా కథ అది. ఆ పాత్ర వేసిన మే విట్‌మన్‌కు, పక్కింటి కుర్రాడు వెస్లీగా వేసిన రాబీ అమెల్‌కు విడుదలనాటికి 26 ఏళ్లు!

అక్కడి తిండికి పిల్లలు త్వరగా ఎదిగిపోతారని చాలామంది అనుకుంటారు. అదేం లేదు. వాళ్లకూ మొటిమలు, పళ్లకు క్లిప్పులు, సరిగా రాని మీసాలు ఉంటాయి. బెంజ్ సర్కిల్‌లో కాలేజీ వదిలాక బస్సెక్కే కుర్రాళ్లకూ వాళ్లకూ ఆ విషయంలో తేడా లేదు. మేకప్, లైటింగ్ వాటిని దాచేస్తాయి, అంతే. అలాగని అందరూ పెద్దవాళ్లే అనుకోవద్దు. అదే సినిమాలో బియాంకాను ఏడిపించే మాడిసన్‌గా వేసిన బెల్లా థోర్న్‌కు అప్పటికి నిజంగానే 17.