నీ అగ్నివర్షం చదివాక

బుజ్జమ్మా,

వచ్చే ఆదివారం నుంచి కూకట్‌పల్లి ఫ్లాట్‌లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రల ఆటకి నువ్వే డంజన్ మాస్టర్‌గా, అంటే ఆట నడిపేదానిగా, కూర్చుంటున్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషమేసిందో! కానీ నువ్వు సొంతంగా రాసిన అగ్నివర్షం స్పెల్ (మంత్రం) చదివాక గుండెల్లో రాయి పడింది. మూడో లెవెల్ స్పెల్‌కి 10డీ6 (ఆరు ముఖాల పాచికలు పది వేస్తే వచ్చే మొత్తం) డామేజీ, 30 అడుగుల వ్యాసార్ధం, పైగా సేవింగ్ త్రో (దెబ్బ తప్పించుకోడానికి వేసే పాచిక) లేదా తల్లీ?

లెక్క చూడు. పుస్తకంలో ఉన్న మూడో లెవెల్ స్పెల్ ఫైర్‌బాల్ 8డీ6, సగటున 28. వ్యాసార్ధం 20 అడుగులు, డెక్స్టెరిటీ (చురుకుదనం) సేవ్ పాసైతే దెబ్బ సగమే. అసలు ఆ ఫైర్‌బాలే తన లెవెల్‌కి మించినది. పలువురికి ఒకేసారి తగిలే మూడో లెవెల్ స్పెల్‌కి 2014 డంజన్ మాస్టర్స్ గైడ్ పట్టిక ఇచ్చేది 6డీ6. నువ్వు ఫైర్‌బాల్‌నే దాటేశావు. డైస్ కంటే నన్ను భయపెట్టింది వ్యాసార్ధం: 20ని 30 చేస్తే మంట పడే చోటు 2.25 రెట్లవుతుంది. 6డీ6కి దించు, 20 అడుగులు చాలు, సేవ్ తప్పనిసరి.

శత్రువులను గుంపుగా నిలబెట్టకు. 2014 రూల్స్‌లో గోబ్లిన్ అనే చిన్న రాక్షసుడికి 7 హిట్ పాయింట్లు (ప్రాణబలం). సేవ్ పాసైనా ఫైర్‌బాల్‌కి పోయినట్టే. 59 ఉన్న ఓగర్ అనే పెద్ద రాక్షసుడు రెండు తిన్నా నిలబడొచ్చు. 5 అడుగుల గళ్ళ మ్యాప్‌లో పేలుడు ఎనిమిది గళ్ళ వెడల్పు. కొందరిని ఆ పరిధి బయట పెట్టు, కొందరిని రెండో రౌండ్‌లో దింపు.

శత్రువులను మైమరపించే హిప్నాటిక్ ప్యాటర్న్ లాంటి స్పెల్స్‌కి విరుగుడు కాన్సెంట్రేషన్: వేసినవాడి ఏకాగ్రత చెదిరితే స్పెల్ పోతుంది. విజార్డ్‌కి (మంత్రగాడికి) దెబ్బ తగిలిన ప్రతిసారీ కాన్‌స్టిట్యూషన్ (ఒంటి గట్టితనం) సేవ్ అడుగు: అందుకోవాల్సింది 10 లేదా డామేజీలో సగం, ఏది ఎక్కువైతే అది. అడగడం మర్చిపోయావో, ఆ స్పెల్ పోరాటం మొత్తాన్ని మింగేస్తుంది.

ఇక కొత్తగా ఆట నడిపేవాళ్ళు దాదాపు అందరూ చేసే తప్పు. దీన్ని రెండుసార్లు చదువు. ఆదివారం ఆట మూడు నాలుగు గంటలు, అందులో పట్టేది ఒకటో రెండో పోరాటాలు. ఆట ముగియగానే పాత్రలన్నీ నిద్రపోయినట్టు, వచ్చే వారం అందరి స్లాట్లూ (స్పెల్ వేసే అవకాశాలు) నిండినట్టు రాసేసుకుంటారు. అక్కడే బాలెన్స్ మొత్తం కూలుతుంది. ఐదో లెవెల్ విజార్డ్‌కి మూడో లెవెల్ స్లాట్లు రెండే. ఆర్కేన్ రికవరీ అనే విజార్డ్ శక్తితో ఇంకోటి. 2014 రూల్స్ వేసుకున్న లెక్క ఏమిటంటే, రెండు లాంగ్ రెస్టుల (స్లాట్లు నింపే పూర్తి విశ్రాంతి) మధ్య ఆరు నుంచి ఎనిమిది పోరాటాలు, రెండు షార్ట్ రెస్టులు (చిన్న విరామాలు). అలా నడిస్తే విజార్డ్ ప్రతి ఫైర్‌బాల్‌కీ ముందు ఆలోచిస్తాడు. షార్ట్ రెస్ట్ తర్వాత ఫైటర్‌కి (ఆయుధంతో పోరాడే యోధుడికి) యాక్షన్ సర్జ్, అంటే తన వంతులో అదనంగా ఇంకో చర్య చేసే శక్తి, తిరిగొస్తుంది కాబట్టి వాడి బలం రోజంతా నిలుస్తుంది. రోజుకి ఒక్క పోరాటమే అయితే విజార్డ్ మొదటి రెండు రౌండ్లలో అన్నీ పేల్చేస్తాడు, ఫైటర్ వంతు వచ్చేసరికి కొట్టడానికి ఎవరూ మిగలరు.

కాబట్టి ఆట ఎక్కడ ఆగితే పాత్రల రోజు కూడా అక్కడే ఆగాలి. మిగిలిన స్లాట్లు కాగితం మీద రాయించి, ఆ కాగితాలు నీ దగ్గరే పెట్టుకో. లాంగ్ రెస్ట్ 24 గంటల్లో ఒక్కసారే. ఎనిమిది గంటలు పడుకుంటే వాళ్ళు విడిపించాల్సిన బందీలను శత్రువులు ఇంకోచోటికి తరలిస్తారని ముందే తెలియనివ్వు. నీ కథలో రోజుకి ఒక్క పోరాటమే కుదిరితే గైడ్‌లోనే ఇంకో పద్ధతి ఉంది: షార్ట్ రెస్ట్ 8 గంటలు, లాంగ్ రెస్ట్ 7 రోజులు.

అంతేగానీ, ఒక స్పెల్ బాగా పనిచేసిందని మర్నాటి నుంచి రాక్షసులందరికీ మంట అంటకుండా చేస్తే మాత్రం నేను ఊరుకోను. అది ఆ స్పెల్ వేసిన పిల్లాడిని శిక్షించడమే. స్పెల్ మార్చాలంటే రెండు ఆటల మధ్య, వాడికి చెప్పి మార్చు. వద్దంటే ఇంకో స్పెల్ తీసుకోనివ్వు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నీ ఆటలో ఫైటర్‌గా ఆడే కుర్రాడు నాగోల్ నుంచి అమీర్‌పేటలో మెట్రో మారి వస్తాడట. అంత దూరం వచ్చి గంటసేపు ఊరికే కూర్చుంటే మూడో వారం రాడు. అష్టాచెమ్మాలో నీ కాయ చస్తే గవ్వలు విసిరేసి లేచిపోయేదానివి, ఆ బాధ నీకు తెలియనిది కాదు బంగారం.

మార్చిన స్పెల్ శుక్రవారంలోగా పంపు. సేవ్ దగ్గర ఏం రాశావో ముందు అదే చూస్తాను.

మీ మామయ్య