పర్లాకిమిడిలో షుగరు రిజిస్టరు పెట్టాలంటే

క్లినిక్కుకు వచ్చే షుగరు వాళ్ల వివరాలు రిజిస్టరు కడితే ఒడిశాలోని మన గజపతి జిల్లాలో ఎంతమందికి షుగరుందో తేలుతుందా అని అడిగారు. తేలదండి. అందులోకి ఎక్కేది జబ్బు బయటపడి మీ గుమ్మం తొక్కినవాళ్లే. ఎంతమందికి ఉందన్నది ఇంటింటి సర్వే తేల్చాలి. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వారి ఇండియాబ్ సర్వే దేశంలో పెద్దవాళ్లలో 11.4 శాతం మందికి షుగరుందన్నది అలాగే. రిజిస్టరు చెప్పేవి వేరే: ఏ వయసులో మొదలైంది, ఏ మందు మీద ఉన్నారు, ఎవరు మానేశారు, ఎవరి కాలో కన్నో కిడ్నీయో దెబ్బతింటోంది. ఐసీఎంఆర్ 2006లో మొదలుపెట్టిన రిజిస్టరు కూడా 25 ఏళ్లలోపు షుగరు వచ్చినవాళ్లదే.

మొదటి చిక్కు పేర్లతోనే. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడియా ఫారంలో అది చివరికి పోతుంది. సరిహద్దుకు అవతల ఆంధ్రాలోని పాతపట్నం చీటీలో 'బి. లక్ష్మి', ఇక్కడి కార్డులో 'లక్ష్మి బి.'. ఒక్క మనిషి ఇద్దరవుతుంది. ఫోను నంబరును నమ్ముకోకండి, చాలాసార్లు అది వలసపోయిన కొడుకుది. ఇంటిపేరు, తండ్రి లేదా భర్త పేరు, ఊరు, పుట్టిన ఏడాది వేర్వేరు గడుల్లో రాయండి. వీటిలో మూడు పాత పేరుతో కలిస్తే ఆగి, ఒకరేనా అని అడగండి.

హెచ్‌బీఏ1సీ (ఎర్రకణాలకు అంటిన చక్కెరను బట్టి రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే రక్తపరీక్ష) ఒక్కటే రాసి ఊరుకోవద్దు. సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తపు జబ్బున్నవాళ్లలో ఎర్రకణాలు త్వరగా చచ్చిపోతాయి, అంకె తక్కువ చూపి మోసం చేస్తుంది. ఐరన్ లోపముంటే ఎక్కువ చూపవచ్చు. పరగడుపున ఎంత, తిన్న రెండు గంటలకు ఎంత, ఏ ల్యాబు, ఏ తేదీ అన్నవి తప్పనిసరి. పరీక్ష చేయకపోతే 'చేయలేదు' అని రాయండి. సున్నా పెడితే సగటు పాడవుతుంది, ఖాళీగా వదిలితే మరిచారో చేయలేదో తెలియదు.

సన్నగా ఉన్న కుర్రవాళ్లకు షుగరు కనబడితే అప్పటి బరువు, ఎత్తు, కీటోన్లు (ఇన్సులిన్ చాలక ఒళ్లు కొవ్వును కరిగించుకున్నప్పుడు రక్తంలో, మూత్రంలో కనబడేవి), ఇన్సులిన్ మొదలైన తేదీ తప్పక పట్టుకోండి. పోషకాహార లోపంతో వచ్చే షుగరును 2025 ఏప్రిల్‌లో అంతర్జాతీయ డయాబెటిస్ ఫెడరేషన్ టైప్-5గా గుర్తించింది. ఈ గడులు లేకపోతే అలాంటివాళ్లను తర్వాత వేరుచేయలేం.

అసలు పొరపాటు లెక్క కట్టేటప్పుడు జరుగుతుంది. 100 మంది పేర్లు ఎక్కి, 60 మందే తిరిగొచ్చి, 36 మందికి అదుపులో ఉంటే 60 శాతం అదుపు అని రాసేస్తారు. రాని 40 మందే కష్టంలో ఉన్నవాళ్లు కావచ్చు. వచ్చినవాళ్లలో 60, ఎక్కినవాళ్లలో 36 అని రెండూ రాయండి. మూడు నెలలకోసారి రానివారి జాబితా తీసి ఆశా కార్యకర్త చేతికిస్తే ప్రతి పేరు పక్కన ఒకటి రాయించవచ్చు: శ్రీకాకుళంలో చూపించుకుంటున్నారు, వలస వెళ్లారు, మందు మానేశారు, చనిపోయారు.