బెంచ్ మీద జీతం ఆపేసి వీసాతో బెదిరిస్తుంటే ఏం చెయ్యాలి, మేనల్లుడికి అత్త ఉత్తరం

ఒరేయ్ చిన్నా, నిన్న ఫోన్లో నీ గొంతు విన్నాక నాకు రాత్రంతా నిద్ర పట్టలేదురా. ప్రాజెక్ట్ లేదని రెండు నెలల్నుంచి జీతం ఆపేశారు, అడిగితే "ఎక్కువ మాట్లాడితే వీసా రివోక్ చేస్తా" అన్నారు అన్నావు చూడు, అచ్చం ఇదే మాట 2009లో నాకూ అన్నారు. అమెరికాలో న్యూజెర్సీ ఎడిసన్‌లో కన్సల్టెన్సీ వాళ్ల గెస్ట్‌హౌస్, హాల్లో నాలుగు పరుపులు, నలుగురికీ ఒకటే రైస్ కుక్కర్, ఇంటర్వ్యూ కాల్ వస్తే గోల వినపడకుండా బాత్రూంలో తలుపేసుకుని మాట్లాడేదాన్ని. నాలుగు నెలలు ఒక్క డాలర్ రాలేదు.

రూల్ తెలీక ఊరుకున్నాను మొదట్లో. హెచ్1బీ, అంటే కంపెనీ స్పాన్సర్ చేసే అమెరికా ఉద్యోగ వీసా, దాని మీద ఉన్నోళ్లకి ప్రాజెక్ట్ ఉన్నా లేకపోయినా ఎల్‌సీఏలో (నీ వీసా కోసం కంపెనీ లేబర్ డిపార్ట్‌మెంట్‌కి జీతం ఎంతో రాసిచ్చిన కాగితం) రాసిన జీతం ఇవ్వాల్సిందే, బెంచ్, అంటే ప్రాజెక్ట్ లేక ఖాళీగా ఉండటం, వాళ్ల తలనొప్పి, నీది కాదు. ఆ ఎల్‌సీఏ కాపీ నువ్వు చేరిన రోజుకల్లా నీ చేతికి ఇచ్చుండాలి, ఇవ్వకపోతే ఇవాళే మెయిల్లో అడుగు. ఇంకో మాట, "పర్సనల్ పనుందని లీవ్ అడుగుతూ ఒక మెయిల్ పెట్టు" అంటారు, అస్సలు పెట్టకు, సొంత పనికి నువ్వే లీవ్ అడిగావంటే ఆ రోజులకి జీతం ఇవ్వక్కర్లేదు, అందుకే అడుగుతారు అది. నీ డబ్బే నీ దగ్గర తీసుకుని, దాన్నే జీతంగా చూపించి పేరోల్ రన్ చేస్తామన్నా ఒప్పుకోకు.

ఇక బెదిరింపు సంగతి. జీతం ఎగ్గొట్టడం ఒక తప్పు, అడిగినందుకు బెదిరించడం, తీసెయ్యడం, బ్లాక్‌లిస్ట్ చెయ్యడం విడిగా ఇంకో తప్పు. గవర్నమెంట్‌కి కంప్లైంట్ పెట్టినా సరే, ముందు కంపెనీకే రాసి అడిగినా సరే, ఈ రక్షణ ఉంటుంది, మానేసినోళ్లకి కూడా వర్తిస్తుంది. రుజువైతే జరిమానా, పైగా కనీసం 2 ఏళ్లు ఆ కంపెనీ పెట్టే వీసా పిటిషన్లు ఆమోదించరు, వాళ్లకి అసలు భయం అదే. అందుకే నోటితో గొడవ పడకుండా మెయిల్లో మర్యాదగా "ఫలానా తేదీ నుంచి జీతం రాలేదు, ఎల్‌సీఏ ప్రకారం ఇవ్వండి" అని రాయి, బెదిరింపు దాని తర్వాతే వచ్చిందని తేదీలే చెప్తాయి. ఫోన్లో ఏమన్నా అంటే పెట్టెయ్యగానే తేదీ, టైమ్, అన్న మాట అన్నట్టే నోట్‌బుక్‌లో రాసుకో, నేను అలాగే రాశాను. అన్నీ నీ సొంత మెయిల్‌లో దాచుకో, ఆఫీస్ లాగిన్ ఏ నిమిషంలో పోతుందో తెలీదు.

కంప్లైంట్ ఫారం పేరు డబ్ల్యూహెచ్-4, లేబర్ డిపార్ట్‌మెంట్‌లో వేజ్ అండ్ అవర్ డివిజన్‌కి వెళ్తుంది, తప్పు జరిగిన 12 నెలల్లోపు పెట్టాలి, ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు.

నీ దగ్గర దాచకూడదు కాబట్టి చెప్తున్నా, కంప్లైంట్ పెట్టినంత మాత్రాన ఉద్యోగం తీసెయ్యకుండా ఎవరూ అడ్డుపడలేరు. తీసేస్తే ఆ రోజు నుంచి నువ్వు ఇక్కడ ఉండగలిగేది మహా అయితే 60 రోజులు, ఐ-94 (ఈ దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డ్) ముందే అయిపోతే అంతవరకే. నా టైమ్‌లో అది కూడా లేదు, 2017లో వచ్చింది. అందుకని ఇప్పట్నుంచే వేరే కంపెనీలు చూస్కో, వాళ్లు నీ హెచ్1బీని తమ కంపెనీకి మార్చే ట్రాన్స్‌ఫర్ పిటిషన్ ఫైల్ చేసి, అది యూఎస్‌సీఐఎస్‌కి (అమెరికా ఇమిగ్రేషన్ ఆఫీస్) అందగానే పనిలో చేరొచ్చు. జీతం స్లిప్పులు లేవు కదా అని కంగారుపడకు, కంప్లైంట్ కాపీ, ఆ మెయిల్స్ కొత్త పిటిషన్‌తో పెడితే కక్షసాధింపు వల్ల వచ్చిన గ్యాప్ అని యూఎస్‌సీఐఎస్ పరిగణించే వీలుంది, ఇమిగ్రేషన్ లాయర్‌తో ఈ ఒక్క విషయం మాత్రం తప్పకుండా మాట్లాడు.

నాకు ఏడాది పైనే పట్టింది గానీ నాలుగు నెలల జీతం చెక్కు వచ్చిందిరా. శనివారం పొద్దున వీడియో కాల్ చేస్తా, ఆఫర్ లెటర్, ఎల్‌సీఏ, బ్యాంక్ స్టేట్‌మెంట్లు దగ్గర పెట్టుకుని కూర్చో, ఫారం ఇద్దరం కలిసి నింపుదాం. ఈలోపు అద్దెకి ఎంత కావాలో మెసేజ్ పెట్టు, మొహమాటపడకు.

మీ అత్త