అడవుల కోసం పనిచేయాలంటే ముందు లెక్క పట్టుబడాలి

ప్రశ్న: బీఎస్సీ బోటనీ చివరి సంవత్సరంలో ఉన్నాను. అడవుల నరికివేతను ఆపే వాతావరణ విధానాల మీద పనిచేయాలని ఉంది. ఇంట్లో మాత్రం ‘అది ఉద్యోగమా, ఉద్యమమా?’ అంటున్నారు. పీజీలో ఏం తీసుకోవాలి? లెక్కలంటే నాకు కాస్త భయం కూడా.

జవాబు: ఉద్యోగమే. ఇంట్లో ధైర్యంగా చెప్పండి. వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల సంఘమైన ఐపీసీసీ అంచనా ప్రకారం 2019లో ప్రపంచ గ్రీన్‌హౌస్ వాయు ఉద్గారాల్లో సుమారు 22 శాతం వ్యవసాయం, అడవులు, ఇతర భూ వినియోగం వల్ల వచ్చినవే. అందులో అడవుల నరికివేతది పెద్ద వాటా. దేశాలు దీన్ని తగ్గిస్తామని ఒప్పందాల్లో మాట ఇచ్చాక, ఆ మాట నిలబడిందా లేదా అని కొలిచేవాళ్లు, సరిచూసేవాళ్లు, నిబంధనలు రాసేవాళ్లు కావాలి కదా. ఆ పనికి జీతాలున్నాయి.

ఈ దారి తెరుచుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. ఉద్గారాల తగ్గింపు కోసం కుదిరిన క్యోటో ఒప్పందం కింద అభివృద్ధి చెందుతున్న దేశాల్లో కొత్తగా చెట్లు పెంచితే క్రెడిట్లు (తగ్గించిన ఉద్గారాలకు లెక్కగా ఇచ్చే, అమ్ముకోగలిగే యూనిట్లు) వచ్చేవి. ఉన్న అడవిని నరక్కుండా కాపాడితే ఏమీ రాదు! ఈ లోపాన్ని 2005లో పాపువా న్యూగినీ, కోస్టారికా కలిసి ఐక్యరాజ్యసమితి చర్చల్లో లేవనెత్తాయి. 2007లో బాలిలో చర్చ ముందుకు సాగింది, 2013లో వార్సాలో నిబంధనలు కుదిరాయి, 2015 పారిస్ ఒప్పందంలోని 5వ అధికరణంలో అడవులకు చోటు దక్కింది. ‘రెడ్‌ప్లస్’ అని మీరు వినే, నరికివేత తగ్గించిన దేశాలకు ప్రతిఫలం ఇచ్చే ఏర్పాటు ఇదే.

ఇక అసలు చిక్కు. నరకని చెట్టుకు డబ్బు ఎలా లెక్కకడతారు? ‘మేము అడ్డుపడకపోతే ఇంత అడవి పోయేది’ అన్న అంచనా మీద. దాన్ని బేస్‌లైన్ అంటారు. అది కాస్త పెంచి చూపిస్తే చాలు, జరగని మేలుకు కూడా క్రెడిట్లు పుడతాయి. కంపెనీలు తమంతట తామే క్రెడిట్లు కొనుక్కునే స్వచ్ఛంద కార్బన్ మార్కెట్‌లోని అటవీ ప్రాజెక్టుల మీద వచ్చిన ఘాటైన విమర్శల్లో ఇదొకటి. ఇక్కడ నరకడం ఆపితే ఆ గొడ్డళ్లు పక్క ప్రాంతానికి పోవచ్చు. కాపాడిన అడవి పదేళ్ల తర్వాత మంటల్లో కాలిపోవచ్చు. విధానం మంచిదా కాదా అన్నది ఇలాంటి ప్రశ్నల దగ్గరే తేలుతుంది. అందుకే నా సలహా ఒక్కటే: విధానాల చదువుకు వెళ్లేముందు కొలవడం నేర్చుకోండి.

లెక్కలంటే భయమన్నారు. మొదటి మెట్టు ఎలా ఉంటుందో చూడండి. చెట్టు చుట్టుకొలతను ఛాతీ ఎత్తులో, అంటే నేల నుంచి 1.3 మీటర్ల దగ్గర, టేపుతో తీసుకుంటారు. దాని నుంచి వ్యాసం, ఆ జాతికి లేదా ఆ రకం అడవికి సరిపోయే సూత్రంతో ఎండు బరువు. ఎండు బరువులో ఇంచుమించు సగం కార్బన్. దాన్ని 3.67తో గుణిస్తే కార్బన్ డయాక్సైడ్ లెక్క వస్తుంది. ఉష్ణమండల అడవుల్లో కొన్ని చెట్లకు మొదలు దగ్గర వేళ్లు పలకల్లా పైకి లేచి ఉంటాయి. అక్కడ ఆ పలకలు ముగిసిన చోటికి పైన కొలవాలి. ఈ సంగతి తెలియకుండా టేపు చుడితే చెట్టులో లేని కార్బన్ కాగితం మీదికి ఎక్కుతుంది. బోటనీ చదివిన మీకు ఈ తేడా చూడగానే తడుతుంది, అది మీ బలం. ఆపైన కావలసింది గణాంకశాస్త్రం, అందులోనూ శాంపిలింగ్, అంటే కొన్ని చెట్లు కొలిచి మొత్తం అడవిని అంచనా వేయడం. సాధనతో వచ్చేదే, టెన్షన్ పడకండి.

కాబట్టి పీజీకి రిమోట్ సెన్సింగ్ (ఉపగ్రహ చిత్రాలతో నేలను పరిశీలించడం), జీఐఎస్ (కంప్యూటర్ పటాలపై భూ సమాచారాన్ని విశ్లేషించడం) ఉన్న అటవీ శాస్త్రం లేదా ఎకాలజీ కోర్సు నా మొదటి ఎంపిక. బ్రెజిల్ అమెజాన్‌లో 2004లో ఏడాదికి 27 వేల చదరపు కిలోమీటర్లు దాటిన నరికివేత 2012 నాటికి 5 వేల లోపుకు దిగింది. ఉపగ్రహ చిత్రాలతో వెంటవెంటనే హెచ్చరికలు, వాటి ఆధారంగా క్షేత్రంలో దాడులు, కొత్త రక్షిత ప్రాంతాలు, నిబంధనలు పాటించని భూములకు రుణాల మీద ఆంక్షలు, అన్నీ కలిసి పనిచేశాయి. తర్వాత అమలు సడలింది, నరికివేత మళ్లీ పెరిగింది. చిత్రం ఒక్కటే అడవిని కాపాడదు, కానీ చిత్రం లేకపోతే అధికారి ఎక్కడికి వెళ్లాలో కూడా తెలియదు. పైగా పై నుంచి చూస్తే పామాయిల్ తోట కూడా పచ్చగానే కనిపిస్తుంది. అది అడవి కాదని చెప్పగలిగే మనిషి కావాలి.

న్యాయశాస్త్రం, అర్థశాస్త్రం కూడా మంచి దారులే, ముఖ్యంగా అడవిలో తరతరాలుగా ఉంటున్నవారి భూమి హక్కుల మీద మనసుంటే. యూరోపియన్ యూనియన్ 2023లో చేసిన చట్టం కాఫీ, కోకో, సోయా, రబ్బరు, పామాయిల్, కలప, పశువుల ఉత్పత్తులు 2020 తర్వాత నరికిన భూమి నుంచి రాకూడదంటుంది. అమలు తేదీ వాయిదాలు పడినా, పంట ఏ భూమిలో పండిందో చూపించే పని కంపెనీలకు తప్పదు. ‘క్లైమేట్ పాలసీ’ అని పేరున్న కోర్సులోకి డిగ్రీ కాగానే చేరడం మాత్రం నాకు నచ్చదు. రెండేళ్ల క్షేత్ర అనుభవం తర్వాత అదే కోర్సు ఎంతో ఎక్కువ ఉపయోగపడుతుంది.

కార్బన్ క్రెడిట్ల కంపెనీలో మొదటి ఉద్యోగం వస్తే ఇంటర్వ్యూలోనే అడగండి: బేస్‌లైన్ ఎవరు వేస్తారు, ఎవరు సరిచూస్తారు, స్థానికుల సమ్మతి ఎలా తీసుకున్నారు? సూటిగా జవాబు చెప్పని చోట చేరకండి.

ఈ సెలవుల్లో ఒక పని చేయండి. అడవులెక్కువగా ఉన్న ఏదో ఒక దేశం పారిస్ ఒప్పందం కింద ఇచ్చిన ప్రణాళికలో అడవుల భాగం చదవండి. అడవుల నష్టాన్ని ఉపగ్రహ చిత్రాలతో చూపించే గ్లోబల్ ఫారెస్ట్ వాచ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే డేటాతో పోల్చి, రెండూ ఎక్కడ కలిశాయో, ఎక్కడ కలవలేదో, ఎందుకై ఉంటుందో నాలుగు పేజీల్లో రాయండి. ఇంటర్న్‌షిప్ దరఖాస్తులకు ఆ నాలుగు పేజీలనే జతచేయండి.